ఇంట్లో ఫుల్లీ ఆటోమేటిక్ ఎస్ప్రెసో మెషీన్ కొనొచ్చా? నాలుగేళ్లు వాడాక చెబుతున్నాను

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో కాఫీ తాగేది ఇద్దరే, ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ (గింజలు పొడి చేయడం నుంచి కాఫీ తీయడం దాకా తనే చేసేది) కొంటే నిజంగా బటన్ నొక్కితే సరిపోతుందా, లేక నాలుగు నెలలకే మూలన పడుతుందా అని. మా ఇంటికి ఈ మెషీన్ వచ్చి నాలుగేళ్లు దాటింది. రోజుకి ఐదారు కప్పులు తీస్తాం. కాఫీ పెట్టుకునే పని తప్పింది కానీ కడిగే పని తప్పలేదు. రోజుకి ఐదు నిమిషాలు, వారానికోసారి ఇంకో పది నిమిషాలు కడగడానికి ఓపిక ఉంటే నిశ్చింతగా కొనండి. లేదంటే వద్దు.

మొదటి ఏడాది నాకిది అర్థం కాలేదు. ఏదో ఒక లైటు వెలిగితే తప్ప మెషీన్ జోలికి వెళ్లేదాన్ని కాదు. ఒకసారి రెండు వారాలు ఊరెళ్లి వచ్చాం. మర్నాడు పొద్దున బటన్ నొక్కితే కాఫీలో చెమ్మ వాసన. పక్కనున్న తలుపు తీసి బ్రూ యూనిట్ బయటికి లాగాను. పొడిని నొక్కి పట్టి, దానిలోంచి వేడి నీళ్లు పంపి, మిగిలిన పిప్పిని డబ్బాలోకి తోసేది అదే. చేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ భాగం. దాని జల్లెడ అంచు చుట్టూ బూడిద రంగు బూజు పట్టి ఉంది. డబ్బాలో పిప్పి బిళ్లలన్నీ తెల్లటి నూగుతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. దీనిలోంచి వచ్చిన కాఫీనే ఇంటికొచ్చినవాళ్లకి కూడా ఇచ్చాను కదా అని చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి వారానికోసారి ఆ యూనిట్ తీసి కుళాయి కింద గోరువెచ్చని నీళ్లతో కడుగుతాను. సబ్బు వాడను. సబ్బు పెడితే లోపలి రబ్బరు రింగులకున్న గ్రీజు పోతుంది. రాత్రి కడిగి ఆరబెడితే పొద్దుటికి పొడిగా ఉంటుంది. కొన్ని నెలలకోసారి రింగుకీ, జారే గాడులకీ ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు పెసరగింజంత రాస్తాను. ఊరెళ్లేటప్పుడు గింజలు తప్ప అన్నీ ఖాళీ చేసి, పక్క తలుపు తెరిచి పెట్టి వెళ్తాను. ఒక జాగ్రత్త: మెషీన్ మామూలుగా ఆఫ్ చేసి, శబ్దం ఆగాకే యూనిట్ తీయండి. మధ్యలో ప్లగ్ పీకితే అది తన చోటికి చేరకుండా ఆగిపోతుంది, బయటికి రాదు. నేనోసారి అలాగే చేసి, బలవంతంగా లాగబోయి ఎక్కడ విరుగుతుందోనని బాగా టెన్షన్ పడ్డాను. మళ్లీ ప్లగ్ పెట్టి ఆన్ చేసి, ఆఫ్ చేస్తే తనే సర్దుకుంది.

కొత్తలో అందరికీ వచ్చే ఇంకో అనుమానం: తీసింది మూడు కప్పులైతే కింద ట్రేలో అన్ని నీళ్లెందుకు? ఆన్ చేసినప్పుడూ ఆఫ్ చేసినప్పుడూ మెషీన్ తన గొట్టాలని తనే కడుక్కుంటుంది, ఆ నీళ్లవి. లీకేజీ అనుకోకండి. పిప్పి డబ్బా మాత్రం మెషీన్ ఆన్‌లో ఉన్నప్పుడే ఖాళీ చేయండి. చాలా మెషీన్లు బిళ్లల్ని చూడవు, లెక్కపెడతాయి. ఆఫ్‌లో ఖాళీ చేస్తే ఆ లెక్క మారదు, డబ్బా నిండిందనే అంటుంది.

ఇక రుచి. కెఫేలో డబుల్ షాట్‌కి (రెండింతల ఎస్ప్రెసోకి) 18 గ్రాముల పొడి వాడడం మామూలు. మన మెషీన్లలో చాలావాటికి 7 నుంచి 12 గ్రాముల లోపే పడుతుంది. అందుకే అంత చిక్కదనం ఆశించొద్దు. కానీ ఫ్యాక్టరీ సెట్టింగ్‌తో వచ్చే పలుచటి కాఫీ దగ్గరే ఆగిపోనక్కర్లేదు. నేను ముందు కప్పు పరిమాణాన్ని 40 మిల్లీలీటర్లకి తగ్గించాను. తర్వాత గ్రైండింగ్‌ని ఒక్కో గీత చొప్పున సన్నం చేస్తూ వచ్చాను. పొడి ఎంత సన్నగా ఉండాలో మార్చే చక్రాన్ని గ్రైండర్ తిరుగుతున్నప్పుడే తిప్పాలి, ఆగి ఉన్నప్పుడు తిప్పితే పళ్ల మధ్య గింజలు ఇరుక్కుంటాయి. పాత పొడి కొంత లోపల ఉండిపోతుంది కాబట్టి తేడా రెండు మూడు కప్పుల తర్వాతే తెలుస్తుంది. నీళ్లలా పలుచగా, పులుపుగా ఉంటే ఇంకా సన్నం చేయండి, చుక్కలు చుక్కలుగా పడి చేదొస్తే ఒక గీత వెనక్కి రండి. మెషీన్ అట్టపెట్టె మీద 15 బార్, 19 బార్ అని ఉన్న అంకెలకి ఎక్కువ డబ్బు పెట్టకండి. బార్ అంటే నీటి ఒత్తిడి కొలత, అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. ఎస్ప్రెసోకి కావాల్సింది 9 బార్ దగ్గరే.

గింజలు బాగా నల్లగా వేగి నూనెతో మెరుస్తుంటే కొనకండి. ఒకసారి తెచ్చాను. పైన గింజలు సగం దాకా ఉన్నాయి, మెషీనేమో గింజలు లేవంటుంది. చూస్తే అవి జిడ్డుకి గోడలకి అంటుకుపోయి కిందకి జారడం లేదు. చక్కెర పూత, ఫ్లేవర్ ఉన్న గింజలైతే అసలే వద్దు, గ్రైండర్ పాడవుతుంది.

నీళ్ల విషయంలో కొత్తలోనే ఒక పని చేయండి. మెషీన్‌తో ఇచ్చే పరీక్ష కాగితాన్ని నీళ్లలో ముంచి, నీళ్లు ఎంత కఠినంగా ఉన్నాయో చూపే ఆ రంగును బట్టి మెషీన్‌లో సెట్టింగ్ పెట్టండి. డీస్కేలింగ్ (లోపల పేరుకున్న సున్నాన్ని తీసేయడం) చేయమనే లైటు వెలిగాక నేను నెల రోజులు వాయిదా వేశాను. పంపు మూలిగినట్టు శబ్దం, కాఫీ సన్నటి దారంలా రావడం మొదలైంది. లోపల సున్నం పేరుకుంటే అంతే. ఆ పనికి అరగంట పడుతుంది, మధ్యలో ఆపకూడదు. వెనిగర్ వద్దు, వాసన పోదు, రబ్బరుకీ మంచిది కాదు. కంపెనీ చెప్పిన ద్రావణమే వాడండి.

మీ ఇద్దరూ పాల కాఫీ తాగేవాళ్లైతే నిర్ణయించుకోవాల్సింది పాల దగ్గరే. మాది సన్నటి గొట్టంతో పాలు పీల్చే రకం. కప్పు తీసిన వెంటనే నీళ్లు పంపాలి, రాత్రికి మొత్తం విప్పి కడగాలి. ఒక్క పూట మర్చిపోతే మర్నాడు గొట్టంలోంచి పులిసిన వాసన వస్తుంది, సన్నటి బ్రష్ లేకుండా అది వదలదు. నాలుగేళ్లలో నన్ను విసిగించింది ఈ గొట్టం ఒక్కటే. మళ్లీ కొంటే గొట్టం లేకుండా రెండు ముక్కలుగా విడిపోయే పాల గిన్నె ఉన్నదే తీసుకుంటాను.

షాపులో కాఫీ రుచి చూసి వచ్చేయకండి. బ్రూ యూనిట్‌ని మీ చేత్తో ఒకసారి తీసి, పెట్టి చూడండి. ఫిలిప్స్, డెలాంగీ మెషీన్లలో అది బయటికి వస్తుంది. జూరాలో రాదు, టాబ్లెట్ వేసి లోపలే శుభ్రం చేయాలి. నాకు కంటితో చూసి కడిగితేనే నమ్మకం. నీళ్ల ట్యాంకు, పిప్పి డబ్బా పెద్దవని పెద్ద మోడల్‌కి వెళ్లకండి. మీ ఇద్దరికీ చిన్నదే మేలు. అది త్వరగా నిండుతుంది, ఖాళీ చేయమంటుంది, లోపల పిప్పి రోజుల తరబడి నిలవుండదు.