రోడ్డు మీద బస్సు ఉంది, ఫోనులో లేదు

బస్సు దారి చూపించే యాప్‌లు, వెబ్‌సైట్ల గురించి శ్రీకాకుళం, విజయనగరం వైపు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

*ప్రశ్న: నరసన్నపేట నుంచి ఆమదాలవలస స్టేషన్‌కి ఎలా వెళ్లాలని ఫోన్ మ్యాపులో వెతికితే కారు దారి, బైకు దారి వస్తున్నాయి. బస్సు గుర్తు నొక్కితే ఏమీ రావట్లేదు. రోజూ బస్సులు తిరిగే దారే కదా, ఎందుకు కనబడవు?*
— డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: మ్యాపుకి రోడ్డు తెలుసు, బస్సు తెలియదు. రోడ్డు ఉపగ్రహ చిత్రంలో కనబడుతుంది గానీ పొద్దున్న 7:40 బస్సు కనబడదు. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్ని గంటలకు ఆగుతుందో ఎవరో ఒకరు కూర్చుని రాసివ్వాలి. ఆ రాతకు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి జీటీఎఫ్ఎస్ (జనరల్ ట్రాన్సిట్ ఫీడ్ స్పెసిఫికేషన్). దీన్ని 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టాయి. పేరు బరువుగా ఉన్నా లోపల ఉండేవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే. సంస్థ వివరాలకు ఒకటి, స్టాపులకు ఒకటి, రూట్లకు ఒకటి, ట్రిప్పులకు ఒకటి, ఏ ట్రిప్పు ఏ స్టాపులో ఎప్పుడు అన్నదానికి ఒకటి, ఏయే రోజుల్లో నడుస్తుందో చెప్పే క్యాలెండర్ ఒకటి. ఈ ఆరూ జిప్ చేస్తే పని మొదలైనట్టే. మన దేశంలో కొచ్చి మెట్రో, ఢిల్లీ ప్రభుత్వం 2018లో తమ వివరాలను ఇలా అందరికీ తెరిచిపెట్టాయి.

మీ దారిలో బస్సు కనబడలేదంటే ఆ ట్రిప్పు ఏ ఫైల్లోకీ ఎక్కలేదన్నమాట. లేదా ఎక్కినా క్యాలెండర్‌లో రాసిన ఆఖరి తేదీ దాటిపోయింది. నిన్నటిదాకా అన్నీ చూపించి ఇవాళ ఒక్కటీ చూపించకపోతే ముందుగా అనుమానించాల్సింది ఆ తేదీనే.

మీ ప్రశ్నలో ఇంకో చిక్కు కూడా ఉంది. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు, ఉన్నది మాత్రం ఆమదాలవలసలో, శ్రీకాకుళానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో. పేరును బట్టి చోటు వెతికే భాగానికి ఈ రెండూ ఒకటేనని చెప్పకపోతే, శ్రీకాకుళం స్టేషన్ అని అడిగినవాళ్లని తీసుకెళ్లి ఊరి నడిమధ్యలో దింపుతుంది. జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో స్టేషన్‌కు మారుపేరు చేర్చే వీలుంది. పది నిమిషాల పని, ఎవరైనా చెయ్యవచ్చు.

*ప్రశ్న: విజయనగరం చుట్టుపక్కల నాలుగైదు రూట్లకు మా విద్యార్థులతో ఇలాంటి ఫైళ్లు తయారు చేయించి సొంతంగా ప్లానర్ (ఏ బస్సెక్కి ఎలా వెళ్లాలో చెప్పే ప్రోగ్రాం) నడపాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ దెబ్బతింటాం?*
— ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకుడు, విజయనగరం

జవాబు: నాలుగైదు వద్దు, ఒక్క రూటు తీసుకోండి. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్లేదైతే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండు రకాల చిక్కులూ అందులోనే ఎదురవుతాయి. టైమ్‌టేబుల్ కోసం డిపో మేనేజర్‌కు కాలేజీ లెటర్‌హెడ్ మీద లేఖ రాయండి. మిగతాది బస్సెక్కి తెలుసుకోవాల్సిందే.

స్టాపు అంటే ఊరు కాదు, మనిషి నిలబడే చోటు. వెళ్లేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఇంకో పక్క ఆగుతుంది కాబట్టి ఒకే పేరుతో రెండు స్టాపులు రాయాలి. మన బస్సులు ఎడమ పక్కనే ఆగుతాయి, అది గుర్తు పెట్టుకుంటే ఏది ఎటో తప్పు పోదు. 16వ నంబరు జాతీయ రహదారి లాంటి చోట ఇది ఇంకా ముఖ్యం. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డుకి అవతలి పక్క స్టాపు చూపించామంటే, మూట నెత్తిన పెట్టుకున్న మనిషిని ఆ రోడ్డు దాటించినట్టే. ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదే పోయే బస్సుల్ని ఊళ్లో ఆగే వాటితో కలపకండి. రూటు పేరు ఒకటే అయినా వాటి స్టాపుల వరుస వేరు.

అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాత కనీసం 5 అంకెలు ఉండాలి. 5 అంకెలుంటే తేడా మీటరు లోపే, 3 అంకెలతో ఆపేస్తే వంద మీటర్ల దాకా పోతుంది. శ్రీకాకుళం పట్టణం దాదాపు 18.3, 83.9 దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారైతే మన స్టాపు స్వాల్‌బార్డ్ దీవులకు ఇంకా ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. ప్రతి కొత్త బృందమూ ఒకసారైనా చేసే తప్పు ఇది. మ్యాపు మీద వెంటనే కనబడుతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు.

కనబడని తప్పు సమయాల్లో ఉంటుంది. మొదటి, ఆఖరి స్టాపులకు మాత్రమే సమయం రాసి మధ్యవి ఖాళీగా వదిలేస్తే, ప్లానర్ ఆ మధ్య సమయాన్ని తనే పంచుకుంటుంది. దూరం వివరాలు ఇవ్వకపోతే కొన్ని సాధనాలు స్టాపుల లెక్కన సమానంగా పంచేస్తాయి. 60 నిమిషాల ప్రయాణంలో 12 స్టాపులు దాటాలంటే ఒక్కోదానికి 5 నిమిషాలు. టౌన్లో రద్దీ, రైలు గేటు, టీ కోసం ఆగడం దానికేం తెలుసు? అందుకే బస్సులో ముగ్గురు విద్యార్థులు మూడు వేర్వేరు రోజుల్లో వెళ్లి పెద్ద స్టాపుల సమయాలు రాసుకోవాలి. వాటిలో అన్నిటికంటే ముందొచ్చిన బస్సు సమయాన్నే బయలుదేరే సమయంగా వెయ్యండి. స్టాపులో 5 నిమిషాలు ఎదురుచూడటం ఫరవాలేదు, బస్సు తప్పిపోతే గంట పోతుంది. ఇలా అంచనాగా వేసిన సమయాలకు సమయాల ఫైల్లోని టైమ్‌పాయింట్ గడిలో 0, కచ్చితమైన వాటికి 1 పెట్టండి.

ఎక్సెల్‌తో జాగ్రత్త. 0012 అని రాసిన స్టాపు నంబరును తెరిచీ తెరవగానే 12 చేసేస్తుంది. ఆ తర్వాత సమయాల ఫైల్లో ఉన్న 0012కి జత దొరకదు. ఆ గడిని టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోండి, లేదా నంబరు ముందు ఒక అక్షరం పెట్టండి. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగులో రాసిన ‘మూడు లాంతర్లు’ అనే స్టాపు పేరు కాస్తా వరసగా ప్రశ్నార్థకాలైపోతుంది. జిప్ చేసేటప్పుడు ఫోల్డర్‌ని కాదు, ఫైళ్లనే ఎంచుకుని జిప్ చెయ్యండి. ఫైళ్లు లోపలి ఫోల్డర్‌లో ఉంటే ఫీడ్, అంటే ఈ జిప్ ఫైలు, చెల్లదు.

ఆ తర్వాత మొబిలిటీడేటా సంస్థ ఉచితంగా ఇచ్చే వాలిడేటర్‌లో (ఫైళ్లలో తప్పులు పట్టే ప్రోగ్రాం) పెట్టి చూడండి. ఎర్రర్లన్నీ పోవాలి. వార్నింగులను మాత్రం ఒక్కొక్కటీ చదివి నిర్ణయించుకోవాలి. ప్లానర్‌గా ఓపెన్‌ట్రిప్‌ప్లానర్ వాడుకోండి. అది ఉచితం, జావా ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. దానికి మీ జిప్ ఫైలుతో పాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్ల ఫైలు కావాలి. దక్షిణ భారతం మొత్తం ఎక్కిస్తే మెమరీ చాలదు. ఉత్తర అక్షాంశం 17.8 నుంచి 19.2, తూర్పు రేఖాంశం 82.9 నుంచి 84.8 వరకు కత్తిరించుకుంటే రెండు జిల్లాలకూ సరిపోతుంది. నడక వేగం అందులో నిమిషానికి 80 మీటర్లని ముందే పెట్టి ఉంటుంది, పెద్దవాళ్లకు అది ఎక్కువ. తగ్గించండి.

వాలిడేటర్ సరే అన్నంత మాత్రాన ఫీడ్ మంచిదని కాదు. ఆ దారిలో రోజూ తిరిగేవాళ్లు 20 ప్రయాణాలు అడిగి, వచ్చిన జవాబులు చూసి అవునంటేనే బయట పెట్టండి.

*ప్రశ్న: మా ఊరి బస్సుకి స్టాపంటూ లేదు, చెయ్యెత్తితే ఆపుతాడు. షేర్ ఆటోలకి టైమే లేదు. ఇవి ఫైల్లో ఎలా ఎక్కుతాయి?*
— చిరు వ్యాపారి, పాతపట్నం

జవాబు: రెండింటికీ చోటుంది. దారిలో ఎక్కడైనా ఎక్కించుకునే బస్సుకు ‘కంటిన్యూయస్ పికప్’ అనే గడిలో 0 వేస్తారు, దిగడానికి ఇలాంటిదే ఇంకో గడి ఉంది. దీనికి బస్సు వెళ్లే గీత కూడా షేప్స్ ఫైల్లో ఇవ్వాలి. అయితే ఈ గడిని అన్ని ప్లానర్లూ చదవవు కాబట్టి రావిచెట్టు దగ్గర, స్కూలు దగ్గర అని జనం ఎక్కే చోట్లను మామూలు స్టాపులుగా కూడా రాసెయ్యడమే మంచిది. షేర్ ఆటోలకు ఫ్రీక్వెన్సీల ఫైలు వాడాలి. 10 నిమిషాలకొకటి అంటే 600 సెకన్లని రాసి, కచ్చితమైన సమయం కాదని పక్క గడిలో 0 పెట్టాలి. ఆటో నిండితేనే కదులుతుంది కనుక పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేర్వేరు అంకెలు ఇవ్వండి.

*ప్రశ్న: రాత్రి 11:30కి బయలుదేరే బస్సు మా ఊరు చేరే సమయం ముందురోజుదిగా చూపిస్తోంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లే స్పెషల్ బస్సులైతే అసలు లేవు.*
— బ్యాంకు ఉద్యోగి, టెక్కలి

జవాబు: అర్ధరాత్రి దాటిన సమయాన్ని 00:50 అని రాస్తే ఆ తప్పే వస్తుంది. బస్సు బయలుదేరిన రోజు లెక్కలోనే 24:50 అని రాయాలి. పండగ బస్సులకు క్యాలెండర్ డేట్స్ అనే ఫైలుంది. ఆ తేదీ ఎదురుగా 1 వేస్తే సర్వీసు చేరుతుంది, 2 వేస్తే ఆగుతుంది. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో దారి మళ్లింపులకూ ఇదే మార్గం. మామూలు ట్రిప్పు ఉన్న సర్వీసుకు 2, మళ్లించిన దారిలో రాసిన కొత్త ట్రిప్పు ఉన్న సర్వీసుకు 1. పండగకు కనీసం వారం ముందు ఫైలు బయటకు వెళ్లాలి.

*ప్రశ్న: బస్సులో జీపీఎస్ ఉన్నా ప్లానర్ ఆలస్యం చూపించదేం?*
— ప్రైవేటు ఉద్యోగిని, శ్రీకాకుళం

జవాబు: జీపీఎస్ బస్సు ఎక్కడుందో చెబుతుంది, అది ఏ ట్రిప్పు నడుపుతోందో చెప్పదు. ఉదయం బస్సు చెడిపోయి డిపోలో ఇంకోటి పంపిస్తారు, కంప్యూటర్లో పాత బండి నంబరే ఉండిపోతుంది. ఇక ప్లానర్‌కి ఆ ట్రిప్పు కనబడదు. బండి బయటకు తీసేటప్పుడే ట్రిప్పు నంబరుకూ బండి నంబరుకూ జత కలపడం డిపోలో ఒకరి పనిగా ఉండాలి. అది జరిగితే మిగతాదంతా యంత్రమే చేస్తుంది. సమాచారం కనీసం 30 సెకన్లకోసారి కొత్తదవాలి. 90 సెకన్లు దాటిన బస్సు స్థానాన్ని చూపించకపోవడమే మేలు.

*ప్రశ్న: ఫోను లేని ముసలివాళ్లకు దీనివల్ల ఏం ఉపయోగం?*
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: చాలా ఉంది మాస్టారూ. ఒక స్టాపు నంబరుతో సమయాల ఫైలును వడకట్టి, గంటల వారీగా పేర్చితే ఆ స్టాపు టైమ్‌టేబుల్ వచ్చేస్తుంది. ఏ3 కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఊళ్ల పేర్లు తెలుగులో, గమ్యం ముందు సమయం తర్వాత వేసి, లామినేట్ చేసి షెల్టర్లో కళ్లెత్తున కట్టండి. కింద మూలన ‘ఈ తేదీ వరకు’ అని క్యాలెండర్ ఆఖరి తేదీ తప్పకుండా వెయ్యండి, పాత కాగితాన్ని ఎవరు విప్పాలో వాళ్లకు అది గుర్తు చేస్తుంది.