గిటార్ ఆంప్ మోత పోవాలంటే ఎర్త్ పిన్ తీసేయొచ్చా?

అడిగినవారు మహబూబ్‌నగర్‌లో చిన్న బ్యాండ్ నడుపుతున్నారట. గిటార్ ఆంప్‌ను (ఆంప్లిఫయర్‌ను) మిక్సర్‌కు, అంటే మైకులూ వాయిద్యాల శబ్దాలన్నీ కలిపే పెట్టెకు, కలిపితే గుయ్‌మని మోత వస్తోందట. ప్లగ్గులో పైనుండే లావు పిన్ను, అదే ఎర్త్ పిన్ను, తీసేస్తే ఆగిపోయిందట, అలాగే వాడుకోవచ్చా అని ప్రశ్న.

వద్దండీ. ముందు ఆ పిన్ను మళ్ళీ పెట్టేయండి, మిగతాది తర్వాత చదవండి.

నేను నల్లగొండ జిల్లాలో పాటకచ్చేరీలకు కీబోర్డు వాయిస్తాను. పెళ్ళిళ్ళు, చెరువుగట్టు జాతర, వినాయక చవితి, క్రిస్మస్, ఏదైనా వెళ్తాం. నేను చూసిన సౌండు వాళ్ళందరికీ మీరు చెప్పిన చిట్కా తెలుసు, అందరూ దాన్ని గొప్ప విద్యలాగే చెప్తారు.

ఒకసారి దేవరకొండ వైపు ఒక ఊళ్ళో వినాయక మండపం దగ్గర ప్రోగ్రాం. స్టేజీ అంటే ట్రాక్టర్ ట్రాలీ, పైన తివాచీ. సాయంత్రం జల్లు పడి తివాచీ తడిసింది. మిక్సరుకు కరెంటు పక్కింట్లోంచి తీశారు. గిటార్ ఆంప్‌కు మాత్రం సీరియల్ బల్బుల బోర్డు నుంచి ఇచ్చారు. సహజంగానే మోత. సౌండు పిల్లగాడు వచ్చి "ఏం గాదన్నా, లావు పిన్ను ఇప్పితే మోత పోతది" అని రెండు పిన్నుల ప్లగ్గు టాపు బిగించాడు. మోత పోయింది. కమిటీ వాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

మళ్ళీ తుంపర మొదలైంది. మా గిటారిస్టు కోరస్ అందుకోవడానికి మైకు మీదికి వంగాడు. పెదవి మైకు జాలీకి తగలగానే టప్‌మని మెరుపు, మనిషి వెనక్కి పడ్డాడు. కరెంటు పట్టుకోకుండా విసిరికొట్టింది కాబట్టి బతికాడు. పెదవి మీద బొబ్బ లేచింది. జనం అదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని ఈలలు వేశారు! మెయిన్ ఆపండని అరిస్తే, మెయిన్ ఎక్కడుందో కమిటీలో ఒక్కరికీ తెలియదు. ఎవరో పెద్దాయన ఎండుకట్టెతో వైరు లాగిపడేశాడు.

తర్వాత అందర్నీ దూరంగా నిలబెట్టి, మళ్ళీ కరెంటు ఇచ్చి మీటరు పెట్టి చూశాం. గిటారు తీగలకూ మైకు బాడీకీ మధ్య 200 వోల్టుల పైనే చూపించింది. నీళ్ళు దిగి ఆంప్ బాడీకి ఫేజ్ తగులుతోంది. ఎర్త్ ఉండి ఉంటే అప్పుడే ఫ్యూజు ఎగిరిపోయేది. అది లేదు కాబట్టి ఆంప్ చక్కగా పాడుతూనే ఉంది.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. గిటారు తీగలు బ్రిడ్జి (తీగల్ని పట్టి ఉంచే లోహపు ముక్క) గుండా కేబుల్ షీల్డుకు (లోపలి వైరును చుట్టి ఉండే లోహపు తొడుగుకు), అక్కణ్ణుంచి ఆంప్ బాడీకి కలిసి ఉంటాయి. బాడీ మీద ఏ కరెంటు ఉంటే అదే తీగల మీద. మైకు బాడీ మిక్సర్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద పెడితే కరెంటు ఛాతీ గుండానే పోవాలి. పది మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టిన చెయ్యి వదలడమే కష్టం, కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు గుండె లయ తప్పడానికి. 100 వాట్ల బల్బు లాగేదే 400 మిల్లీ ఆంపియర్ల పైన. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ లేని మైకును ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. అంత పెద్ద బ్యాండ్లకే జరిగింది, మన ట్రాలీ స్టేజీల సంగతి చెప్పాలా?

మోతకు అసలు కారణం వేరు వేరు చోట్ల ఎర్త్ తీసుకోవడం. ఆ రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా షీల్డులో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది, అదే మీకు వినబడుతుంది. ఆంప్, మిక్సర్, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. ఇంకా ఉంటే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉన్న డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు అందించే చిన్న పెట్టె) కొనండి. అది ఆడియో కేబుల్ షీల్డును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

ఇంకొందరు మేధావులు మండపం పక్కన ఇనుప రాడ్డు దిగ్గొట్టి ఎర్త్ అయిపోయిందంటారు. మన రాతి నేలలో, అందులోనూ ఎండాకాలం, ఆ రాడ్డుకు 50 ఓములు రెసిస్టెన్స్ ఉందనుకోండి. 230 వోల్టులకు పారేది 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువ పారితే తానే పడిపోయే స్విచ్చి) దానికి కదలనైనా కదలదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఒంట్లోకో నేలలోకో లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉన్న బోర్డు కావాలి. డీజే బాక్సులకు వేలకు వేలు పోసే కమిటీలు దీనికి మాత్రం "ఈసారికి కానీయండన్నా" అంటాయి. మంచి వైరు అడిగినా అదే పాట. కొండీలేసి స్తంభం మీంచి కరెంటు తీసే మండపాల్లో నేనిప్పుడు వాయించను, అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను.

ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటోందని కూడా రాశారు. రెండు పిన్నుల అడాప్టరైతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల లీకేజీ అది, మంచి అడాప్టర్‌లో మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు. మూడు పిన్నుల అడాప్టర్‌కు మీరే రెండు పిన్నుల టాపు తగిలించి ఉంటే మాత్రం తీసేయండి. రికార్డింగ్‌లో దాని మోత వస్తుంటే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి.