సమాధానం: స్క్రీన్ నిండా వైరస్ హెచ్చరిక వచ్చి పోవడం లేదు

మీ నాన్నగారి విండోస్ ల్యాప్‌టాప్‌లో "వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చి, ఎంత నొక్కినా పోవడం లేదన్నారు కదా. టెన్షన్ పడకండి. నిజమైన వైరస్ హెచ్చరిక ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు. అది ఫుల్ స్క్రీన్‌లో తెరుచుకున్న మోసపు వెబ్ పేజీ.

ముందు ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోమనండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్, అంటే ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా, వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు మీద క్లిక్ చేసి ఎండ్ టాస్క్ కొట్టాలి. బ్రౌజర్ మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవాలా అని అడిగితే మాత్రం వద్దనాలి. లేదంటే అదే పేజీ తిరిగొస్తుంది.

దయచేసి ఆయన్ని కోప్పడకండి. ఈ పేజీలు భయపెట్టడానికే తయారుచేసినవి, కంప్యూటర్ బాగా తెలిసినవాళ్ళూ కంగారు పడతారు. తిడితే, ఈసారి మీకు చెప్పకుండా ఆ నంబరుకే ఫోన్ చేస్తారు.

స్క్రీన్ మూలన ఇలాంటివే రోజూ వస్తుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ చూసి, తెలియని సైట్లన్నీ తీసేయండి.

ఒకవేళ ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన యాప్ పెట్టి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపండి, యాప్ తీసేయండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, బ్యాంకుకు చెప్పండి.