కుట్లు మానకముందే రోజూ ఆస్పత్రికి వెళ్తోంది, ఆపాలా?

ప్రశ్న: మాది గాజువాక. నా భార్యకు 30 వారాలకే సిజేరియన్ అయింది. పాప 1,300 గ్రాములు, మహారాణిపేటలో ఒక ఆస్పత్రి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉంది. తను డిశ్చార్జ్ అయినా రోజంతా అక్కడే కూర్చుంటోంది. అన్నం ముట్టదు. ఇంటికి పోదామంటే ‘నీకు పాప మీద బెంగ లేదు’ అంటోంది. పురుడు వెళ్లకుండా బాలింత గడప దాటకూడదని మా అమ్మ గొడవ. నావి నైట్ షిఫ్టులు. తనని ఇంట్లోనే ఉంచేయమంటారా?

జవాబు: వద్దు, ఆపకండి. అలాగని పొద్దస్తమానం ప్లాస్టిక్ కుర్చీలో పస్తులుండనివ్వకండి కూడా.

నెలలు నిండకుండా కాన్పయితే చాలామంది తల్లులు లోలోపల తమనే తప్పుపట్టుకుంటారు. మెట్లెక్కాననా, బరువెత్తాననా అని రోజుకి వందసార్లు తవ్వుకుంటారు. బిడ్డకి సూదులు గుచ్చుతుంటే నేను కడుపు నిండా తినడమా అనిపిస్తుంది. మీ భార్య అన్నం మానేయడం నాకైతే మొండితనంలా కనిపించడం లేదు. ముందే కాన్పు ఎందుకొచ్చిందని డాక్టరుని తననే అడగనివ్వండి. చాలాసార్లు ఫలానా కారణమని తేలదు కూడా. మీరు వందసార్లు చెప్పినా నమ్మని మాట డాక్టరు చెబితే నమ్మొచ్చు.

ఇక, అక్కడ తనకి కూర్చోవడం తప్ప పని ఉండాలి. పాలు పిండి ఇవ్వడం మొదటిది. రోజుకి ఎనిమిది సార్లు, అందులో ఒకటి రాత్రి పూట. పాప ఇంకా నోటితో తాగలేకపోయినా ట్యూబు ద్వారా ఆ పాలే పడతారు. ఇలాంటి పసిపేగులకి తల్లిపాలను మించింది లేదు. రెండోది కంగారూ పద్ధతి. పాప నిలకడగా ఉందని డాక్టరు ఒప్పుకుంటే, బట్టలు అడ్డం లేకుండా గుండెల మీద పడుకోబెట్టుకోవడం. 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు సరిపోని ఆస్పత్రిలో మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతా చేయిస్తున్నారు. తండ్రి కూడా చేయొచ్చు, ఈ సంగతి మగవాళ్లకి ఎవరూ చెప్పరు! సిస్టర్‌ని మీ వంతు అడగండి. పాప మీ గుండెల మీద ఉన్న ఆ గంటలో తను నాలుగు ముద్దలు తిని, కాసేపు నడుం వాల్చగలదు. మీకు బెంగ లేదన్న మాటకి నోటితో జవాబు చెప్పే పనీ తప్పుతుంది.

రాత్రికి ఇంటికి రావాలంటే ముందు ఒక ఏర్పాటు కావాలి. పడుకునే ముందు వార్డుకి ఏ టైములో ఫోన్ చేయొచ్చో కనుక్కోండి. పాప ఎలా ఉందో తెలిస్తే నిద్ర పడుతుంది.

మీ అమ్మగారితో పురుడు గురించి వాదించకండి, గెలవలేరు. ‘పథ్యం వండి వేడిగా క్యారేజీ కట్టు, నేను పట్టుకెళ్తాను’ అనండి. బరువెంత పెరిగిందని రోజూ ఫోన్లు చేసే చుట్టాలకి జవాబు చెప్పే పని కూడా ఆవిడకే అప్పగించండి. మొదటి వారంలో ఇలాంటి పిల్లలు బరువు తగ్గడం మామూలేనని ముందే చెప్పి ఉంచండి.

జ్వరం, కుట్ల దగ్గర చీము, రక్తస్రావం ఎక్కువవడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తననే డాక్టరుకి చూపించండి. కాన్పయ్యాక కొన్ని రోజులు ఏడుపు రావడం సహజమే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి. చచ్చిపోవాలన్న మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, తనని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అది మీకూ పనికొస్తుంది.

నైట్ డ్యూటీ దిగి ఆ నిద్రమత్తులో బండి మీద ఊళ్లోకి వెళ్లకండి, బస్సెక్కండి. వీలుంటే కొన్నాళ్లు పగటి షిఫ్టు అడగండి. సెలవులన్నీ ఇప్పుడే వాడేయకుండా, పాప ఇంటికొచ్చే వారానికి కొన్ని దాచుకోండి.