నాన్‌జింగ్‌లో చదువుకుంటున్న మేనకోడలికి: యిన్, యాంగ్ గురించి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

చదువుకూ విశ్రాంతికీ రోజును సరిసమానంగా పంచి గోడకు పట్టిక అంటించుకున్నాననీ, నెల తిరిగేసరికి రెండూ చెడ్డాయనీ రాశావు. యిన్, యాంగ్ అనే ఆలోచన పుట్టిన చైనాలోనే వైద్యం చదువుతున్నావు కనుక, అక్కడ ఉద్యోగం చేసిన కాలంలో ఆ ఆలోచన నాకు అర్థమైన తీరు చెబుతాను. యిన్ చెడూ కాదు, యాంగ్ మంచీ కాదు. చీకటి, చల్లదనం, నిశ్చలత యిన్ వైపు, వెలుగు, వేడి, కదలిక యాంగ్ వైపు, ఒకదానికొకటి చోటిస్తూ సాగుతాయి. ఏ ఘడియలోనూ అవి సమానంగా ఉండవలసిన పని లేదు.

ఇది చదవడం కంటే ఒంటితో చేస్తే త్వరగా తెలుస్తుంది. ఉదయం దగ్గరలోని పార్కుకు వెళ్లి, నెమ్మది కదలికల వ్యాయామ కళ అయిన తైజిచువాన్ సాధన చేసే పెద్దల వెనుక నిలబడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం కూర్చిన 24 భంగిమల సరళ క్రమంతో మొదలుపెట్టు. కదులుతున్నప్పుడు రెండు కాళ్లమీదా బరువు సమానంగా మోపడాన్ని వారు దోషంగా ఎంచుతారు. ఎందుకంటే అలా నిలిచినవాడు ఎటు అడుగు వేయాలన్నా ముందు బరువు మార్చుకోవాలి, ఈలోగా ఎవరు తోసినా తడబడతాడు. ఒక కాలు నిండుగా ఉంటే మరొకటి ఖాళీగా ఉండాలి, నిండినది మెల్లగా ఖాళీ అవుతుండగా ఖాళీది నిండాలి. నీ పట్టికలో లోపించినది ఈ మార్పే.

ప్రాచీన వైద్య గ్రంథమైన హువాంగ్‌డీ నెయిజింగ్ ప్రకారం తెల్లవారినప్పటినుంచి మధ్యాహ్నం వరకు యాంగ్‌లో యాంగ్, అంటే నిండు యాంగ్; మధ్యాహ్నం నుంచి సంధ్య వరకు యాంగ్‌లో యిన్, అంటే యాంగ్ తగ్గుతూ యిన్ మొదలయ్యే వేళ. కాబట్టి కఠినమైన పాఠాలు ఉదయానికి ఉంచుకో, సాయంత్రం పునశ్చరణ చెయ్యి, రాత్రి పొద్దుపోయాక కొత్త అధ్యాయం తెరవకు. భోజనం తర్వాత అక్కడివారు తీసే కునుకును సోమరితనం అనుకోక నువ్వూ అలవాటు చేసుకో. వేసవిలో ఆలస్యంగా పడుకుని పెందలాడే లేవమనీ, శీతకాలంలో త్వరగా పడుకుని ఎండ వచ్చాక లేవమనీ అదే గ్రంథం చెబుతుంది. తరగతి వేళలు నీ చేతిలో లేవు కనుక, చలికాలంలో కనీసం త్వరగా పడుకో.

శరదృతువులో అక్కడ పీతలను అల్లం వేసిన వెనిగర్‌తో ఎందుకు తింటారో, అమ్మమ్మ నోట వేడి, చలువ అన్న మాటలు వింటూ పెరిగిన నీకు విడమరచి చెప్పనక్కర్లేదు. పీతను మానెయ్యరు, దాని చలువకు ఎదురుగా కొంత వేడిని కలుపుతారు. జ్వరం వస్తే మాత్రం అల్లంతో సరిపెట్టుకోక వైద్యుణ్ణి చూడు.

పరీక్షల నెలలో బరువంతా చదువు మీదికే మొగ్గనివ్వు, అందుకు బాధపడకు. అయితే యిన్, యాంగ్‌లను చూపే గుండ్రని తైజి చిత్రంలో నల్లని సగంలోనూ ఒక తెల్లని చుక్క ఉంటుంది కదా, అలాగే ఎంత ఒత్తిడి ఉన్నా రోజుకు ఒక అరగంట నడకను వదలకు. పరీక్షలు ముగిశాక కనీసం వారంపాటు పుస్తకం ముట్టకుండా కంటినిండా నిద్రపో.

ఇట్లు,
మావయ్య