ఆరడుగుల రీఫ్ ట్యాంకు: అద్దం ఆర్డరు చివర్లో ఇవ్వు

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అద్దాల తొట్టి) బొమ్మ చూశాను. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, హాల్లో గోడకి ఆనించి. చూసేవాళ్లకి బాగుంటుంది, చూసుకునేవాడికి నరకం. మూడడుగుల ఎత్తులో అడుగున పడిన ముక్కని తీయాలంటే భుజం దాకా ముంచినా చెయ్యి అందదు. ఎత్తు 60 సెంటీమీటర్లు దాటనివ్వకు, మిగిలిన డబ్బు వెడల్పుకి పెట్టు. 180 పొడవు, 75 వెడల్పు, 60 ఎత్తు చాలు. కింద లెక్కలన్నీ ఈ కొలతకే.

అయితే కొలత కంటే ముందు ఏం పెంచుతావో తేల్చుకోవాలి. రీఫ్ కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా పెరిగే పగడాలు), సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ జాబితాల్లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చినా, అండమాన్ నుంచి వచ్చినా అవి ఇంట్లో ఉండకూడదు. ఎండిన పగడపు రాయిని ‘చచ్చిందే కదా సార్’ అని అంటగడతారు, అదీ వద్దు. విదేశాల్లో పెంచిన గట్టి పగడాలు కూడా సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధం 2లోవే. దిగుమతి కాగితాలు చూపించలేని దుకాణంలో బేరం కూడా ఆడకు. అందుకని జోయాంతిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ పగడాల లాంటి మెత్తటి జాతుల చుట్టూ ట్యాంకు వేసుకో, వాటికీ బిల్లు అడుగు. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతిని మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు ఎప్పుడో అందుబాటులోకి తెచ్చారు. హేచరీలో పుట్టినవే తీసుకో.

ఈ ఒక్క నిర్ణయంతో సగం ఖర్చు తగ్గుతుంది. కొమ్మలుగా పెరిగే గట్టి పగడాలకి 200 నుంచి 350 పార్ (పగడాలకి పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు కావాలి. మెత్తటి వాటికి 80 నుంచి 150 సరిపోతుంది. లైటు తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే నీటిని చల్లబరిచే చిల్లరు మీద భారం తగ్గుతుంది. కాల్షియం, ఆల్కలినిటీ (నీటి క్షారత) వాడకం కూడా తక్కువ కాబట్టి మొదటి ఏడాది వాటిని కొలిచి పోసే డోసింగ్ మిషన్ జోలికి పోనక్కర్లేదు.

ఇక బరువు. పై ట్యాంకులో 700 లీటర్లు, కింద స్టాండులో ఉండే ఫిల్టర్ తొట్టి, అంటే సంప్‌లో 130. అద్దం 15 మిల్లీమీటర్లదైతే 165 కిలోలు. రాయి 40, ఇసుక 55, స్టాండు, సంప్, చిల్లర మల్లర కలిపితే మొత్తం 1,250 కిలోల పైమాటే. ఇదంతా మోపేది 1.35 చదరపు మీటర్ల మీద. ఇళ్ల స్లాబుకి ఐఎస్ 875 (కట్టడాల మీద భారాల భారతీయ ప్రమాణం) లెక్కగట్టే భారం చదరపు మీటరుకి 200 కిలోలే. అది గది మొత్తానికి వేసే లెక్క కాబట్టి ట్యాంకు పెట్టగానే స్లాబు కూలిపోతుందని కాదు, కానీ స్లాబు నడిమధ్య మాత్రం పెట్టకూడదు. బీమ్ మీదికి, కాలమ్ దగ్గరికి జరపాలి. బిల్డరు నోటిమాట నమ్మకు, స్ట్రక్చరల్ ఇంజినీరుకి డ్రాయింగు చూపించి రాయించుకో. వెనక గోడకీ ట్యాంకుకీ మధ్య 20 సెంటీమీటర్లు, పైన సీలింగుకి కనీసం 60 సెంటీమీటర్లు ఖాళీ వదులు. స్టాండు 40 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) చదరపు పైపుతో వెల్డింగ్ చేయించి, ఎపాక్సీ వేయించు. ప్లైవుడ్ అయితే ఉప్పుతడికి ఉబ్బుతుంది.

నేల మీదికి నీళ్లు వచ్చేది ఎక్కువగా ప్లంబింగ్ వల్లే, అద్దం పగిలి కాదు. కరెంటు పోగానే సంప్ నుంచి నీటిని పైకి తోసే రిటర్న్ పంపు ఆగి, పైనున్న నీరు కిందికి దిగుతుంది. మన ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 13.5 లీటర్లు. ఓవర్‌ఫ్లో (నీరు పొర్లి కిందికి దిగే చోటు) అంచు మీద 2 సెంటీమీటర్లు, రిటర్న్ మూతి ఇంకో 3 లోతున ఉంటే, 5 సెంటీమీటర్లకి 67 లీటర్లు, పైపుల్లోది కలిపి 75. అదే మూతి 10 సెంటీమీటర్లు లోపలికి పెడితే ఆ ఒక్క దాని వల్లే 135 లీటర్లు సైఫన్ అయి దిగుతాయి. సైఫన్ తెగడానికి పైపుకి చిన్న రంధ్రం వేస్తారు, నాచు పట్టి అది మూసుకుపోతుంది. దాన్ని నమ్ముకోకుండా మూతినే మట్టం దగ్గర పెట్టు. సంప్ 120×50×45 తీసుకుని 22 సెంటీమీటర్ల నీటితో నడిపితే పైన 135 లీటర్లకి పైగా జాగా మిగులుతుంది.

కిందికి దిగే పైపులు మూడు వేయించు. మొదటిది నిండుగా సైఫన్ లాగేది, దానికి గేట్ వాల్వు. బాల్ వాల్వుతో సన్నగా సర్దడం కుదరదు. రెండోది గాలి తీసుకుంటూ కొద్దిగా పారేది. మూడోది మామూలు రోజుల్లో చుక్క పడకుండా ఎత్తులో ఉండే అత్యవసర పైపు. బిగించాక పంపు నడుస్తుండగా మొదటి వాల్వు పూర్తిగా కట్టేసి చూడు. మిగిలిన రెండూ మొత్తం నీటిని మోయాలి. మోయకపోతే మేస్త్రీని పంపించెయ్యకు. సంప్ గుండా గంటకి 3,000 లీటర్లు చాలు. పగడాలకి కావలసిన ఊపు ట్యాంకులో పెట్టే రెండు వేవ్ పంపులు ఇస్తాయి, రెండూ కలిపి గంటకి 15,000 లీటర్లు.

హైదరాబాద్ మే నెల నీకు చెప్పేదేముంది! నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. చిల్లరు అర హార్స్‌పవర్‌కి తగ్గకూడదు, లోపలి కాయిల్ టైటానియంది అయి ఉండాలి. రాగి, ఇత్తడి ఏ రూపంలో తగిలినా రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి. చిల్లర్ని స్టాండు అరలో మూసిపెడితే అది వదిలే వేడి మళ్లీ ట్యాంకుకే ఎక్కుతుంది, బాల్కనీలోకి పైపు లాగించు. మన పొడి ఎండల్లో ఫ్యాను గాలి కూడా బాగా పనిచేస్తుంది: లీటరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడి పోతుంది. విశాఖ ఉక్కపోతలో అది సాగదు.

ఆవిరైన నీటి స్థానంలో ఆటోమేటిక్‌గా ఉప్పులేని శుద్ధమైన నీరు చేరే ఏర్పాటు కావాలి, కానీ దాని డబ్బా 40 లీటర్లకి మించకూడదు. ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుని డబ్బా మొత్తం దిగినా లవణత (వెయ్యి భాగాల్లో ఉప్పు) 35 నుంచి దాదాపు 33.3కే పడుతుంది. 200 లీటర్ల డ్రమ్ము కలిపితే 28కి పడిపోతుంది.

కరెంటు పోయినప్పుడు ముందు చంపేది వేడి కాదు, ఆక్సిజన్ తగ్గడం. అందుకని చిల్లర్ని బ్యాకప్ మీద పెట్టకు. 24 వోల్టుల డీసీ వేవ్ పంపులు మాత్రం సైన్‌వేవ్ ఇన్వర్టరుకి కలుపు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడినా 60 వాట్ల పంపులు పన్నెండు గంటల దాకా తిరుగుతాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్‌లు) రెండు వేయించి పంపుల్ని పంచు, ఒకటి ట్రిప్ అయినా రెండోది నడవాలి. వైరు వెంట జారే నీరు ప్లగ్గులోకి పోకుండా ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి రావాలి.

బోరు నీళ్లు, తాగే ఆర్వో నీళ్లు రెండూ పనికిరావు. ఇంటి ఆర్వోలో రుచి కోసం కొంత టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) వదిలేస్తారు. ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ దాటాక టీడీఎస్ మీటరులో 0 చూపించాలి. లీటరుకి దాదాపు 37 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం, అంటే మొదటిసారి 30 కిలోలు, తర్వాత పదిశాతం మార్చిన ప్రతిసారీ 3 కిలోలు. ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర నిలబెట్టు. తగ్గితే 24 గ్రాముల వంటసోడా ఒక డీకేహెచ్ పెంచుతుంది, రోజుకి అంతకు మించొద్దు. కిళ్ళీ సున్నం వేస్తే సరిపోతుందని చెప్పే మహానుభావులు తగులుతారు, అందులో ఏమేం కలుస్తాయో ఎవరికీ తెలియదు.

రాయి కృత్రిమంగా చేసినదే తీసుకుని, ఇసుక పోయకముందే అడుగున నిలబెట్టు. ఇసుక మీద పెడితే చేపలు తవ్వి పడేస్తాయి. అద్దానికి 15 సెంటీమీటర్లు ఎడం ఉండాలి, గీకుడు బద్ద దూరడానికి. ఇసుక అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బనేటు) దే తీసుకో. భీమిలి తీరం ఇసుకలో ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలు ఉంటాయి, బస్తా నింపి తేకు.

ట్యాంకు చేసేవాడి దగ్గరే నీళ్లు నింపి వారం ఉంచమను. ఇంటికి తెచ్చాక, చేపల వ్యర్థాల్ని అరిగించే బ్యాక్టీరియా ముందే పెరగడానికి, చేపల్లేకుండా అమోనియం క్లోరైడుతో 2 పీపీఎం అమోనియా వేసి, అమోనియా, నైట్రైటు రెండూ ఒక్క రోజులో సున్నాకి వచ్చేదాకా ఆగు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత గోధుమరంగు పొర కమ్ముతుంది, రసాయనాలు పోయకు, నత్తలు దించు. ఏ చేపనీ వేరే తొట్టిలో నెల ఉంచకుండా దించకు. తెల్లచుక్కల రోగం ఉన్న చేప ఒక్కటి లోపలికి వెళితే అన్నింటినీ బయటికి తీసి, ట్యాంకుని దాదాపు రెండున్నర నెలలు చేపల్లేకుండా ఖాళీగా ఉంచాల్సి వస్తుంది. ఆ తొట్టికి కరెంటు ప్లగ్గు, చోటు ఇప్పుడే ప్లానులో గీయించు.

ఆశీస్సులతో,
మామయ్య