కలల కోసమైతే ఉమ్మెత్త వద్దు, వావిలాకు చాలు

మీరు విశాఖపట్నంలోని మధురవాడకు కొత్తగా వచ్చారు. చుట్టూ కొండలున్నాయి కాబట్టి కలలు స్పష్టంగా రావడానికీ, ఇంటికి దిష్టి తగలకుండా కట్టుకోవడానికీ పనికొచ్చే మూలికలు స్వయంగా ఏరుకోవాలని ఉందన్నారు. ఉమ్మెత్త గింజలు కలలకు మంచివని ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగారు. ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. వద్దండి. గింజ వద్దు, ఆకు వద్దు, పొగ కూడా వద్దు.

ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపలమిన్, హయోసయమిన్ కలలు తెప్పించవు, మతి తప్పిస్తాయి. మా బంధువుల అబ్బాయి ఒకడు కాలేజీ రోజుల్లో పందెం కాసి గింజలు నమిలాడు. రాత్రంతా లేని మనుషులతో కబుర్లు చెప్పాడు, గోడ మీద లేని చీమలు ఏరాడు. నోరు ఎండిపోయింది, కనుపాపలు పెద్దవయ్యాయి, ఒళ్లు కాలిపోయింది. కోలుకున్నాక ఒక్క ముక్క గుర్తు లేదు. కల కోసం తిన్నవాడికి కల కూడా మిగలకపోతే ఇంకెందుకు? పైగా ఒకే మొక్క కాయల్లో కూడా విషం పాళ్లు సమానంగా ఉండవు. అందుకని ‘కొంచెమే తీసుకుంటాను’ అన్న మాటకు అర్థం లేదు. ఎవరైనా తిన్నారని తెలిస్తే మజ్జిగ తాగిస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి.

శివుడికి పెట్టే పువ్వే కదా అంటారు కొందరు. దేవుడికి పెట్టడం వేరు, మనం మింగడం వేరు. వినాయక చవితి నాటి 21 పత్రుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ ఉన్నాయి, మూడూ విషాలే. గన్నేరైతే గుండె లయనే చెడగొడుతుంది. అయితే మీకు కావలసినవి కూడా ఆ వరుసలోనే ఉన్నాయి: మాచిపత్రి, వావిలి, ఉత్తరేణి, గరిక. ఏటా చేతుల్లోంచి పోయే ఆకులను వదిలేసి ఎక్కడో దొరికే వాటి కోసం వెతకడం నాకు వింతగా తోస్తుంది.

కలలకు నేను ముందు చెప్పేది వావిలి. గెడ్డల (వాగుల) గట్ల మీద, పొలాల కంచెల్లో పొదలుగా పెరుగుతుంది. ఒక్కో కాడకు మూడు గాని అయిదు గాని ఆకులు చేతివేళ్లలా విడివడి ఉంటాయి, అడుగువైపు బూడిద రంగు, కొమ్మ చివర లేత ఊదా పూల గుత్తులు. నలిపితే ఘాటైన వాసన. బాలింతల స్నానానికి వావిలాకు కాచిన నీళ్లు మనకు తెలిసినవే. తలనొప్పికీ, పడిశానికీ ఎండిన వావిలాకును దిండులో కూరి పడుకోవడమూ పాత అలవాటే. భీమిలి వైపు ఉండే మా అమ్మమ్మ దిండు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. ఆవిడ కలల కోసం పెట్టుకోలేదు, తలనొప్పికి పెట్టుకుంది. కానీ పొద్దున్నే కాఫీ కంటే ముందు కల చెప్పే మనిషి మా ఇంట్లో ఆవిడ ఒక్కరే.

రెండోది మాచిపత్రి. యూరప్‌లో కలల దిండులో పెట్టే ఆకు దీని దగ్గరి బంధువే. అక్కడ జూన్ చివర్లో వచ్చే సెయింట్ జాన్ పండుగ ముందు రాత్రి దాన్ని కోసి నడుముకు కట్టుకునేవారు, గుమ్మాలకు వేలాడదీసేవారు. మన దగ్గర చవితి పూజలో మొదటి పత్రి మాచిపత్రే. చల్లని ఎత్తు ప్రదేశాలంటే ఇష్టపడే మొక్క కాబట్టి విశాఖ ఖాళీ స్థలాల్లో దానంతట అది మొలుస్తుందని ఆశ పెట్టుకోకండి. నేను కుండీలో పెంచుతున్నాను. వేరు ముక్క నాటితే చాలు, ఆ తర్వాత దాన్ని ఆపడమే కష్టం.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడేది. మధురవాడ, ఎండాడ లేఅవుట్లలో ఖాళీగా ఉన్న ప్రతి స్థలంలోనూ చీలికల ఆకుల మొక్క ఒకటి ఉంటుంది. అది మాచిపత్రి కాదు, వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర మొదట కనిపించి దేశమంతా పాకింది. చర్మానికి తాకితే దద్దుర్లు, పుప్పొడితో తుమ్ములు, ఆయాసం. దాన్ని దిండులో కూరి పడుకుంటే కలల మాట దేవుడెరుగు, తెల్లారేసరికి ముఖం వాస్తుంది. ఆకు తిప్పి చూడండి. మాచిపత్రి అడుగు తెల్లగా, నూగుతో మెత్తగా ఉంటుంది, నలిపితే కర్పూరం కలిసిన వాసన వస్తుంది. వయ్యారిభామకు ఆ తెల్లని అడుగు ఉండదు, కొమ్మ చివర్లలో చిన్న చిన్న తెల్లని పూలుంటాయి. చవితికి అమ్మే పత్రి కట్టలో కూడా చేతికందిన ఆకల్లా వచ్చి చేరుతుంది కాబట్టి అక్కడ కొన్నా ఈ పరీక్ష తప్పదు. రెండూ చేమంతి కుటుంబంవే. మీకు వయ్యారిభామ పడదని ముందే తెలిస్తే మాచిపత్రి జోలికి కూడా వెళ్లకండి. గర్భిణులు మాచిపత్రి కషాయం తాగకూడదు. నిజానికి కలల కోసం ఎవరూ తాగనక్కర్లేదు, వాసన చాలు.

ఏరుకునే పద్ధతికి వస్తే, ముందురోజు సాయంత్రం మొక్క దగ్గరికి వెళ్లి పసుపు, అక్షింతలు వేసి, పసుపు దారం కట్టి, ‘రేపు వచ్చి తీసుకుంటాను’ అని చెప్పి రావడం పాత ఆచారం. మర్నాడు సూర్యోదయం వేళ, ఇనుము తగలకుండా చేత్తో తీసుకోవాలి. ఆదివారం నాడు పుష్యమి నక్షత్రం వస్తే మరీ మంచిదంటారు. పొద్దుగూకాక ఏ మొక్కనూ ముట్టరు. వీటిని నమ్మినా నమ్మకపోయినా నేను పాటిస్తాను. ఒకే మొక్కను రెండుసార్లు, రెండు వెలుగుల్లో చూస్తాం కాబట్టి గుర్తుపట్టడంలో పొరపాటు తగ్గుతుంది. కత్తి లేదు కాబట్టి వేరు తవ్వం, మొక్క బతుకుతుంది. రాత్రి పొదల్లో చేయి పెట్టం. వానాకాలంలో మన గట్ల మీద రక్తపింజర ఉంటుందని మీరు మరచిపోయినా ఆ ఆచారం మరచిపోలేదు.

చోటు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. మీ ఇంటికి దగ్గరలోని కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడి మొక్కలకూ రక్షణ ఉంది, ఆకు తెంపకండి. ఎర్రమట్టి దిబ్బల మీద పొదలే ఆ ఇసుకను పట్టి ఉంచుతున్నాయి, వాటినీ వదిలేయండి. రైలు పట్టాల పక్కన కలుపు మందు కొడతారు, పాత ఊరి వైపు ఆకుల మీద పోర్టు బొగ్గు ధూళి. ఆనందపురం, పద్మనాభం వైపు ఎవరి పొలం గట్టునైనా వాళ్లనడిగి తీసుకోవడం అన్నిటికంటే మంచిది. నేను అడిగినప్పుడల్లా ఆకుతో పాటు ఒక కథ కూడా ఇచ్చారు.

పాడేరు, అరకు వైపు వెళ్లి ‘మంత్రాల మొక్కలు చూపించండి’ అని అడగకండి. అక్కడ మందూ, ముహూర్తమూ చూసే దిశారి ఉంటాడు, ఆయన విద్య మన వారాంతపు సరదా కోసం కాదు. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను చంపిన వార్తలు మనం చదివినవే. కొత్త మనిషి వేర్లు తవ్వుతూ తిరిగితే ఆ అనుమానం చివరికి ఏ ఇంటి మీద పడుతుందో మీకు తెలియదు. అడవి సరుకు కావాలంటే 1956 నుంచి గిరిజనుల దగ్గర కొంటున్న గిరిజన సహకార సంస్థ ఉంది, దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే.

దిష్టి సంగతి సులువే. గుమ్మానికి తలకిందులుగా కలబంద, వేపమండ, గరిక చాలు. గురివింద గింజలతో తాయెత్తు చేసుకోవాలని కొందరికి ముచ్చట. పెంకు గట్టిగా ఉన్నంతవరకు సరే గాని, గుచ్చడానికి చిల్లు పెడితే లోపలి విషం బయటపడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ గింజే వద్దు. నిద్రలో ఉలిక్కిపడే పసివాళ్లకు వసకొమ్ము కడతారు. కడితే కట్టండి, నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, అరగదీసి నాకించకండి.

మరి కలలు వస్తాయా? నా అనుభవంలో ఆకు కలను తేదు, కలను గుర్తుంచుతుంది. తెల్లవారుజామున కలలు కనే నిద్ర ఎక్కువసేపు ఉంటుంది. ఆ వేళ వచ్చిన కల నిజమవుతుందని పెద్దలు అనడానికి, మెలకువకు దగ్గరగా ఉండి బాగా గుర్తుండడమే కారణమేమో. దిండు కదిలినప్పుడల్లా వావిలి వాసన తగిలి నిద్ర కాస్త పలచనవుతుంది. మెలకువ రాగానే పక్కకు తిరగకుండా, కళ్లు తెరవకుండా అలాగే ఉండి, చివరి దృశ్యం నుంచి వెనక్కి నడవండి. తర్వాత పుస్తకంలో రాయండి, ఫోను ముట్టుకుంటే పోయినట్టే. మొన్న ఒక కలలో కిరండూల్ పాసింజరు బొర్రా గుహల స్టేషన్‌లో ఆగితే, అందులోంచి మా అమ్మమ్మ దిగి నాతో చిల్లర కోసం తగాదా పడింది. దానికి అర్థం చెప్పమని ఎవరినీ అడగలేదు, నవ్వుకుని రాసుకున్నాను. పీడకలలు ఎక్కువైతే దిండులోని ఆకు తీసేసి కొన్నాళ్లు వేపమండ పెట్టుకోండి. మా ఇంట్లో ‘రామం స్కందం హనూమంతం’ శ్లోకం చదువుకుని పడుకుంటారు. పీడకలలు నెలల తరబడి వదలకపోతే వైద్యుడికి చూపించాలి.

ఆకును నీడలో, గాలి ఆడే చోట, చిటికెతో పొడి అయ్యేదాకా ఎండబెట్టండి. పల్చటి నూలు సంచిలో పిడికెడు వేసి గలేబు లోపల ఒక మూలకు పెట్టండి. విశాఖ ఉక్కపోతకు ఆకు త్వరగా బూజు పడుతుంది కాబట్టి వారానికోసారి సంచి విప్పి చూడండి, ముక్కవాసన వస్తే పారేసి కొత్తది నింపండి. తలుపులు మూసిన ఏసీ గదిలో మాత్రం ఏ ఆకునూ పొగ వేయకండి.